నర్సమ్మలకు పాఠం చెప్పిన పెద్దలు



ఈమధ్య మా ఊరికి నర్సింగ్ విద్యార్థినులు వచ్చారు. పట్నంలోని ఒక కాలేజీ నుంచి కమ్యూనిటీ పోస్టింగ్ కోసం పంపిన పిల్లలు. పొద్దున్నే బస్సు దిగి, ఇద్దరిద్దరుగా విడిపోయి, భుజాన సంచులతో వీధుల్లోకి వెళ్ళేవారు. ఒక్కొక్క జంటకు కొన్ని ఇళ్ళు. అరవై దాటినవాళ్ళున్న ఇళ్ళకు ముందు వెళ్ళమని వాళ్ళ టీచరమ్మ చెప్పిందట. బి.పి. చూసేవారు, షుగరు చూసేవారు, అడిగిందంతా పుస్తకంలో రాసుకొనేవారు.

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘపెద్ద ఒకాయన మమ్మల్ని పక్కకు పిలిచి అడిగారు. "అయ్యగారూ, ఈ పిల్లలు మన ముసలోళ్ళ మీద పని నేర్చుకుంటన్నారా? మేడలున్నోళ్ళ ఇంటికి పోయి నేర్చుకోవచ్చుగా?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఆయన మాటలో కోపం ఉంది, న్యాయమూ ఉంది. పేదవాడి ఒంటి మీద చదువు నేర్చుకొని, ఆ చదువును డబ్బున్న చోట అమ్ముకోవడం లోకంలో లేని సంగతి కాదు. "అలా అనకండి, పిల్లలు మంచివాళ్ళు" అని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ పెద్దాయన అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. అందుకని నర్సుల చదువు అసలు ఎలా మొదలైందో, ముసలివారికీ ఆ చదువుకూ సంబంధం ఏమిటో ఈ కొద్దిరోజులు చదివాం. చదివినది మీతో పంచుకొని, ఆయన ప్రశ్నకు మాకు దొరికిన జవాబు చివర చెబుతాం.

అరవై ఏళ్ళ జాబితా

మొదట మన గ్రంథంలోనే మొదలుపెడదాం. ఆదిమ సంఘంలో వచ్చిన తొలి తగాదాల్లో ఒకటి సిద్ధాంతం గురించి కాదు, అన్నం గురించి. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయం తీసి చూడండి. రోజూ జరిగే పంపకంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టింది. అపొస్తలులు దాన్ని చిన్న విషయమని తోసేయలేదు. ఏడుగురిని ఆ పనికే ఏర్పాటు చేశారు.

తరువాత మొదటి తిమోతి పత్రిక అయిదవ అధ్యాయంలో విధవరాండ్ర జాబితా గురించి పౌలు రాశాడు. ఆ జాబితాలో పేరు ఎక్కాలంటే 60 ఏళ్ళు నిండాలి. మన ప్రభుత్వం కూడా వృద్ధులను లెక్కపెట్టేది 60 నుంచే. అయితే వయసు ఒక్కటే చాలదు. ఆమె పిల్లలను పెంచిందా, పరదేశికి చోటిచ్చిందా, పరిశుద్ధుల కాళ్ళు కడిగిందా, కష్టంలో ఉన్నవారిని ఆదుకుందా అని కూడా చూడమన్నాడు. అంటే సంఘం సాకవలసిన ముసలి స్త్రీలు సేవ చేసి చేసి అరిగిపోయిన చేతులు గలవాళ్ళు. వాళ్ళకు సాయం కావాలి, వాళ్ళ దగ్గర నేర్చుకోవలసినదీ ఉంది. ఈ రెండూ ఒకే జాబితాలో ఉండడం గమనించండి. తరువాతి చరిత్రలో ఎక్కడ ఈ రెండో మాట మరచిపోయారో అక్కడ ముసలివారి సేవ ఉత్త దానధర్మంగా మారిపోయింది.

రోమా పత్రిక చివరి అధ్యాయంలో ఫీబే అనే సహోదరి పేరు ఉంది. కెంక్రేయ సంఘంలో పరిచారకురాలు. ఆ మాటకు మూలమైన గ్రీకు పదం నుంచే డీకనెస్ అనే మాట వచ్చింది. దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ళ తరువాత జర్మనీలో ఒక పల్లె పాస్టరు ఆ మాటను మళ్ళీ పైకి తీశాడు. ఇప్పటి నర్సింగ్ స్కూలుకు ఆ ఊరితో దగ్గర చుట్టరికం ఉంది.

బీద సంఘం, విరిగిన కుర్చీలు

ఆయన పేరు థియోడోర్ ఫ్లీడ్నర్. 1822లో, 22 ఏళ్ళ వయసులో, రైన్ నది ఒడ్డున ఉన్న కైసర్స్‌వెర్త్ అనే చిన్న ఊరికి కాపరిగా వచ్చాడు. ఊళ్ళో ఎక్కువమంది కేథలిక్కులు, ప్రొటెస్టెంట్లు కొద్దిమంది. ఆ కొద్దిమందికీ ఆధారం ఒక మఖమలు బట్టల కర్మాగారం. ఆయన వచ్చిన కొత్తలోనే అది దివాలా తీసింది. సంఘానికి రాబడి పోయింది. పల్లె సంఘాల్లో ఉన్న కాపరులకు ఈ పరిస్థితి మేము వేరే వివరించనక్కరలేదు. ఆయన ఊరు వదిలి వెళ్ళిపోలేదు. చందాల కోసం హాలండు, ఇంగ్లండు తిరిగాడు. ఇంగ్లండులో జైళ్ళలోని స్త్రీల మధ్య ఎలిజబెత్ ఫ్రై చేస్తున్న పని ఆయన మనసును పట్టుకుంది.

1833లో జైలు నుంచి విడుదలైన ఒక స్త్రీకి తన తోటలోని చిన్న గదిలో చోటిచ్చాడు. భార్య ఫ్రెడెరికె ఆ పనిలో సగం కాదు, సగానికి ఎక్కువే మోసింది. 1836 అక్టోబరులో రోగుల సేవకు డీకనెస్ గృహాన్ని తెరిచారు. అప్పటికి వాళ్ళ చేతిలో ఉన్నవి ఒక బల్ల, చేతులు విరిగిన కొన్ని కుర్చీలు, పాత మంచాలు. మొదటి రోగి ఒక కేథలిక్కు పనిపిల్ల. మొదటి డీకనెస్ గెర్ట్రూడ్ రైఖార్ట్ ఒక వైద్యుని కుమార్తె, అప్పటికి ఆమె వయసు 48. పడుచుపిల్లలే నర్సులు కావాలని అనుకొనే మనకు ఇది వింతగా ఉంటుంది. ఇంట్లో రోగులను చూసుకొని చూసుకొని చేయి తిరిగిన మనిషిని ముందు తెచ్చుకున్నారు. ఆమె వెనుక చిన్నవాళ్ళు నేర్చుకుంటూ వచ్చారు.

అక్కడ శిక్షణ పొందిన సహోదరీలు ఆసుపత్రుల్లోకే కాదు, సంఘాల్లోకీ వెళ్ళారు. ఇళ్ళలో మంచం పట్టిన పేదలను, దిక్కులేని ముసలివారిని చూసుకొనే పని అక్కడ పాఠంలో భాగమైంది.

1851లో ఇంగ్లండు నుంచి 31 ఏళ్ళ ఒక కలవారి అమ్మాయి అక్కడికి వచ్చి సుమారు మూడు నెలలు పని నేర్చుకుంది. ఆమే ఫ్లోరెన్స్ నైటింగేల్. అక్కడి భక్తి, ప్రేమ ఆమె మెచ్చుకుంది. శుభ్రత, రోగిని చూసుకొనే విధానం మాత్రం ఆమెకు తృప్తినివ్వలేదు. మేము ఈ సంగతి దాచకుండా చెబుతున్నాం. ఎందుకంటే మన సంఘాల్లో కూడా ప్రార్థన ఉంటే చాలు, చేతులు కడుక్కోకపోయినా ఫరవాలేదు అన్నట్టు ఉంటాం. భక్తికి చదువు తోడు కావాలని ఆమె గ్రహించింది. 1860 జూలైలో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరుతో నర్సుల బడి మొదలైంది.

మేరీ రాబిన్సన్ కన్నీళ్ళు

ఆసుపత్రిలో బడి పెట్టడం ఒక ఎత్తు. నర్సు గుమ్మం దాటి పేదవాడి ఇంట్లో అడుగుపెట్టడం ఇంకో ఎత్తు. ఆ రెండోది లివర్‌పూల్‌లో జరిగింది.

విలియం రాత్‌బోన్ అక్కడ పేరున్న వ్యాపారి. 1859లో ఆయన భార్య జబ్బుపడి చనిపోయింది. చివరి రోజుల్లో ఆమెను చూసుకున్న నర్సు మేరీ రాబిన్సన్. డబ్బున్న తన ఇంట్లోనే ఆ నర్సు లేకపోతే ఇంత కష్టంగా ఉండేదే, మరి పేదల ఇళ్ళలో మనుషులు ఎలా చనిపోతున్నారు అని ఆయన ఆలోచించాడు. మేరీకి మూడు నెలల జీతం ఇచ్చి, నగరంలోని బీద పేటల్లో ఇళ్ళకు వెళ్ళి రోగులను చూడమన్నాడు.

నెల తిరగకముందే ఆమె ఏడుస్తూ తిరిగి వచ్చింది. ఇంత దుఃఖం తాను చూడలేనంది, ఈ పని వద్దంది. అంతకు ముందు ఆమె పని తెలియని మనిషి కాదు. కానీ ఆసుపత్రిలో రోగి నర్సు దగ్గరికి వస్తాడు. మంచం, దుప్పటి, నీళ్ళు అన్నీ అక్కడ ఉంటాయి. ఇంట్లో అవేమీ ఉండవు. ఉన్నది చీకటి గది, తడి నేల, ఆకలి. రాత్‌బోన్ ఆమెను బతిమాలి మిగతా రోజులు చేయమన్నాడు. మూడు నెలలు ముగిసేసరికి ఆమే మాట మార్చింది. ఇక ఈ పని విడిచిపెట్టనంది. తాను వెళ్ళిన ఇళ్ళు బాగుపడడం ఆమె కళ్ళారా చూసింది.

అలాంటి నర్సులు ఇంకా కావాలంటే ఎక్కడా దొరకలేదు. రాత్‌బోన్ నైటింగేల్‌కు ఉత్తరం రాస్తే, శిక్షణ మీరే ఇచ్చుకోండని ఆమె సలహా ఇచ్చింది. 1862లో లివర్‌పూల్‌లో నర్సుల శిక్షణాలయం మొదలైంది. నగరాన్ని 18 భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క నర్సును పెట్టారు. డిస్ట్రిక్ట్ నర్సు అనే మాట ఆ భాగాల నుంచి వచ్చింది. 1887లో విక్టోరియా రాణి జూబిలీకి స్త్రీలు వేసిన చందాలో నుంచి 70,000 పౌండ్లు ఈ పనికే ఇచ్చారు. ఆ సంస్థలో చేరే నర్సు ఆసుపత్రి శిక్షణ అయ్యాక మళ్ళీ ఆరు నెలలు ఇళ్ళకు తిరిగి నేర్చుకోవాలి. అంటే వార్డులో దొరకని పాఠం ఇంట్లో ఉందని అప్పుడే ఒప్పుకున్నారు. మా ఊరికి బస్సులో వచ్చిన పిల్లల కమ్యూనిటీ పోస్టింగ్‌కు పూర్వీకులు వీళ్ళే.

ముసలివారి మధ్య ఆగ్నెస్

అదే లివర్‌పూల్‌లో వర్క్‌హౌస్ ఉండేది. అంటే పని చేసుకోలేని పేదలను, దిక్కులేనివారిని పెట్టే ప్రభుత్వ గృహం. పేరుకు ఆశ్రయం, లోపల శిక్ష లాంటి బతుకు. ముసలితనంలో అక్కడికి పోవలసి వస్తుందేమోనన్నది ఆ కాలపు బీదల పెద్ద భయం. దాని రోగుల విభాగంలో సుమారు 1,200 మంది ఉండేవారు. వాళ్ళలో చాలామంది ముసలివారు, లేవలేనివారు. వాళ్ళను చూసుకొనేది నర్సులు కాదు, అదే గృహంలో ఉన్న ఇతర పేదలు.

1865లో ఆగ్నెస్ జోన్స్ అనే యువతి, నైటింగేల్ బడిలో శిక్షణ పొందిన 12 మంది నర్సులతో అక్కడికి వెళ్ళింది. ఖర్చు రాత్‌బోన్ పెట్టుకున్నాడు. ఆగ్నెస్ ఐర్లండు కుటుంబంలోని పిల్ల, భక్తిగలది. ఆమె కూడా కైసర్స్‌వెర్త్‌లో నేర్చుకొని వచ్చినదే. కొత్తగా నేర్చుకొనే పిల్లలను కూడా ఆ వార్డుల్లోనే పెట్టుకొని పని నేర్పింది. రోగుల మధ్య బైబిలు తరగతులు నడిపింది. మూడేళ్ళు కాకముందే, 1868 ఫిబ్రవరిలో టైఫస్ జ్వరంతో చనిపోయింది. ఆమెకు 35 ఏళ్ళు. పేరుప్రతిష్ఠలు వచ్చే చోటు కాదు అది. డబ్బిచ్చే రోగులు లేరు, కోలుకొని దండం పెట్టి వెళ్ళే పడుచువాళ్ళు తక్కువ. అయినా ముసలి పేదవాడికి కూడా చదువుకున్న నర్సు సేవ హక్కేనని ఆ మూడేళ్ళు దేశానికి చూపించాయి.

మా సంఘపెద్ద అడిగిన ప్రశ్న ఇక్కడ గుర్తుకు వస్తుంది. ఆగ్నెస్ వెంట ఉన్న పిల్లలు కూడా ముసలోళ్ళ మీదే పని నేర్చుకున్నారు. కానీ ఆమె వాళ్ళను అక్కడ వదిలి ఇంటికి పోలేదు. ఆ రోగుల మధ్యే ఉంది, వాళ్ళకు వచ్చిన జ్వరంతోనే పోయింది.

మంచం మీద నుంచి వచ్చిన పాఠం

ఆ తరువాత డెబ్బయి ఏళ్ళకు మరో సంగతి జరిగింది. 1935లో లండన్ దగ్గర మార్జరీ వారెన్ అనే డాక్టరమ్మకు, తన ఆసుపత్రి పక్కనున్న పాత పేదల గృహంలోని 714 మంది రోగుల బాధ్యత అప్పగించారు. ఏళ్ళ తరబడి మంచం మీదే ఉన్నవాళ్ళు. ఇక లేవరని అందరూ వదిలేసినవాళ్ళు. ఆమె ఒక్కొక్కరినీ పరీక్షించింది. ఎవరికి ఏ జబ్బో విడదీసింది. మంచం దించి కూర్చోబెట్టింది, నడిపించింది. చాలామంది లేచారు, కొందరు ఇళ్ళకు వెళ్ళారు. వాళ్ళను అలా పడగొట్టింది వయసు మాత్రమే కాదు, మంచం కూడా. ముసలివారి వైద్యం ప్రత్యేకమైన చదువుగా నిలబడడానికి ఆమె పని ఒక పునాది అయింది.

నర్సుల్లో డోరీన్ నార్టన్ పేరు చెప్పుకోవాలి. ఆమె తన తోటివారితో కలిసి ముసలి రోగులను దగ్గరగా గమనించి, 1962లో ఒక పరిశోధన ప్రచురించింది. పడక పుండ్లు ఎవరికి పడతాయో ముందే కనిపెట్టడానికి అయిదు సంగతులు చూడమంది. ఒంటి స్థితి, మనసు స్థితి, తిరగగలగడం, కాళ్ళూ చేతులూ కదపగలగడం, మలమూత్రాల మీద అదుపు. ఒక్కొక్కదానికి 1 నుంచి 4 మార్కులు. మొత్తం 20లో 14 గానీ అంతకు తక్కువ గానీ వస్తే జాగ్రత్త. పైన ఏదో రాయడం కంటే ఒకే చోట ఒత్తిడి లేకుండా పక్క మారుస్తూ ఉండడమే ముఖ్యమని ఆ పని తేల్చింది. మన ఇళ్ళలో మంచం పట్టిన తాతకు పౌడరు చల్లి ఊరుకుంటాం. రెండు గంటలకొకసారి పక్క మార్చాలని చెబితే "పాపం, నిద్రపోతున్నాడు కదా" అంటాం. ఈ పాఠం ఏ ప్రొఫెసరూ ఊహించి చెప్పలేదు. మంచం మీద ఉన్న ముసలివారి ఒళ్ళే చెప్పింది. వినడానికి ఒక నర్సు పక్కన నిలబడింది.

మన దేశంలో

మన తెలుగు నేలకు ఈ పని మిషనరీ స్త్రీల చేతుల మీదుగా వచ్చింది. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. వైద్యురాలిగా పంపడానికి మిషన్ బోర్డు అప్పటికి సిద్ధంగా లేదు. బడుల పని, ఇళ్ళలో స్త్రీల మధ్య పని అప్పగించారు. ఆమె ఆ పని చేస్తూనే వైద్యం కూడా చేశారు. తరువాత స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి లేచింది. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఇప్పటికీ ఆ ఆసుపత్రిని జనం కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు.

తమిళనాట వేలూరులో డాక్టర్ ఐడా స్కడర్ 1909లో నర్సుల బడి పెట్టారు. ఆమె ఆసుపత్రిలో కూర్చుని రోగుల కోసం చూడలేదు. గుడియాత్తం దారిలో చెట్ల కింద ఆగుతూ, దారి పక్కనే వైద్యం చేశారు. ఆ బడే 1946లో నర్సింగ్ డిగ్రీ ఇచ్చే కాలేజీ అయింది. చిత్తూరు జిల్లా నుంచి ఎంతమంది తెలుగు రోగులు వేలూరు బండెక్కారో మనకు తెలిసిందే.

ఆ రోజుల్లో నర్సు పనిని మన సమాజం గౌరవంగా చూడలేదు. పరాయివాడి మలమూత్రాలు ఎత్తడం, పరపురుషుని ముట్టుకోవడం మర్యాదగల ఇంటి ఆడపిల్ల చేసే పని కాదన్నారు. చాలాకాలం ఆ చదువుకు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది క్రైస్తవ కుటుంబాల పిల్లలే. ఊరివాళ్ళు ముట్టుకోని ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు కూడా వాళ్ళలో ఉన్నారు. వాళ్ళే ఊరందరినీ ముట్టుకొని బాగు చేశారు.

స్వాతంత్ర్యానికి ముందు 1943లో ప్రభుత్వం భోర్ కమిటీని వేసింది. 1946లో వచ్చిన దాని నివేదిక ప్రకారం బ్రిటిష్ ఇండియా మొత్తానికి ఉన్న నర్సులు సుమారు 7,000. అంటే 43,000 మందికి ఒక నర్సు. ప్రజలకు వీలైనంత దగ్గరలో వైద్యం ఉండాలని ఆ కమిటీ గట్టిగా చెప్పింది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు మూలం అదే. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. ఈనాడు జి.ఎన్.ఎం. చదివినా, బి.ఎస్సీ. చదివినా కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ చదవాలి, ఊళ్ళోకి వెళ్ళి ఇళ్ళు చూడాలి.

ఇక ముసలివారి సంగతి. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో 60 దాటినవారు 10 కోట్లకు పైనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు పదిమంది. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, గల్ఫులోనో ఉన్నారు. తల్లిదండ్రులు ఊళ్ళో ఉన్నారు. 2007లో తల్లిదండ్రుల పోషణకు చట్టం వచ్చింది. వృద్ధుల ఆరోగ్యానికి 2010-11లో జాతీయ కార్యక్రమం మొదలైంది. నెల తిరగ్గానే పింఛను గుమ్మం దగ్గరకు వస్తోంది. అందుకు దేవునికి స్తోత్రం. కానీ పింఛను ఇచ్చి వేలిముద్ర తీసుకున్న మనిషి "నీ కాలు ఎలా ఉంది?" అని అడిగే తీరిక ఉన్నవాడు కాడు.

మామ్మ కాలు

ఇప్పుడు మా ఊరి సంగతికి వస్తాం. మా సంఘంలో ఒక మామ్మ ఉంది. ఒంటరిగా ఉంటుంది. పడుచుతనంలో మంత్రసాని పని చేసేది. మా ఊళ్ళో నలభై దాటినవాళ్ళలో చాలామంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. ప్రతి వారమూ మేము ఆమె ఇంటికి వెళతాం. వాక్యం చదువుతాం, ప్రార్థన చేస్తాం, ఆమె ఇచ్చిన టీ తాగి వస్తాం.

నర్సింగ్ పిల్ల ఒకామె ఆ ఇంటికి వెళ్ళిన రోజు మేమూ అక్కడే ఉన్నాం. ఆ అమ్మాయి అరుగు మీద పాత న్యూస్ పేపరు పరిచి దాని మీద సంచి పెట్టింది. సబ్బు తీసి చేతులు కడుక్కుంది. బి.పి. చూసింది. షుగరు చూస్తే చాలా ఎక్కువ ఉంది. "మామ్మగారూ, బిళ్ళలు వేసుకోవట్లేదా?" అంటే మామ్మ తల అడ్డంగా ఊపింది. అమ్మాయి "మందులు సరిగా వాడడం లేదు" అని రాసుకొని లేచింది. బయట నిలబడ్డ టీచరమ్మ ఆ పుస్తకం చూసి, "ఎందుకు వాడడం లేదో ఏదీ? మళ్ళీ వెళ్ళి కూర్చో" అని వెనక్కి పంపింది.

రెండోసారి అమ్మాయి కింద కూర్చుంది. మెల్లగా సంగతి బయటపడింది. మామ్మకు చదువు రాదు. బిళ్ళలను రంగు చూసి గుర్తుపడుతుంది. కిందటిసారి ఇచ్చిన షీటులో బిళ్ళ రంగు మారింది. వేరే ఎవరి మందో పొరబాటున ఇచ్చారనుకొని, తీసి డబ్బాలో దాచేసింది. ఎవరినీ అడగలేదు. "మిమ్మల్ని అడిగి ఇబ్బంది పెట్టడం ఎందుకులే అయ్యగారూ" అని మా వైపు చూసి నవ్వింది.

తరువాత అమ్మాయి, "కాళ్ళు ఒకసారి చూడనా మామ్మగారూ?" అని అడిగి, చీర అంచు కొంచెం పైకి జరిపింది. మడమ వెనుక పుండు ఉంది. తిమ్మిరి వల్ల మామ్మకు నొప్పి తెలియలేదు. అప్పటికి ఎన్ని వారాలయిందో తెలియదు. ఆ వారాలన్నీ మేము ఆ కాళ్ళకు రెండు అడుగుల దూరంలో కూర్చొని వాక్యం చదివాం. ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి ఈ సంవత్సరం కూడా ప్రసంగించాం. మామ్మ కాలు మాత్రం చూడలేదు.

అమ్మాయి కాలు పట్టుకోబోతే మామ్మ ఆపింది. "చేతులు చల్లగా ఉన్నాయే తల్లీ. ముందు రెండు చేతులూ రుద్దుకో. వెచ్చబడ్డాక ముట్టుకో. ముసలోళ్ళనైనా, పురిటి పిల్లనైనా అలాగే ముట్టుకోవాలి" అంది. ఆ అమ్మాయి నవ్వి, చేతులు రుద్దుకొని, మళ్ళీ పట్టుకుంది. ఆ రోజు ఎవరు విద్యార్థి, ఎవరు టీచరు అని ఎవరైనా అడిగితే మేము తడుముకోకుండా చెబుతాం.

ఏ.ఎన్.ఎం. గారికి కబురు చేసి, ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. ఇప్పుడు పుండు మానుతోంది. ఇంకా పూర్తిగా మానలేదు.

పెద్దాయనకు మా జవాబు

అవునండీ, ఆ పిల్లలు మన ముసలివారి దగ్గరే పని నేర్చుకుంటున్నారు. దాచవలసిన పని లేదు. మేరీ రాబిన్సన్ అలాగే నేర్చుకుంది, ఆగ్నెస్ పిల్లలు అలాగే నేర్చుకున్నారు. తప్పు నేర్చుకోవడంలో లేదు. అయితే అది న్యాయంగా జరుగుతోందా లేదా అని చూడడానికి మూడు గుర్తులున్నాయి. ముట్టుకునే ముందు అనుమతి అడిగారా? ముసలివారు చెప్పిన మాట విని తమ పుస్తకంలో రాసినది మార్చుకున్నారా? చూసిన బాధను చూసినట్టే వదిలి వెళ్ళకుండా ఎవరికైనా అప్పగించారా? మొదటి రెండూ ఆ అమ్మాయి చేసింది. మూడోది ఆమె ఒక్కతే చేయలేదు. పోస్టింగ్ రోజులు అయిపోయాయి, పిల్లలు బస్సెక్కి వెళ్ళిపోయారు. ఊరు ఉంది, మామ్మ ఉంది, మనం ఉన్నాం. అప్పగింత తీసుకోవలసింది మనమే.

కాబట్టి మా సంఘంలో కొన్ని చిన్న పనులు మొదలుపెట్టాం. పౌలు చెప్పినట్టు ఒక జాబితా రాశాం. 60 దాటి ఒంటరిగా ఉన్నవారి పేర్లు. మన విశ్వాసులే కానక్కరలేదు, కైసర్స్‌వెర్త్‌లో మొదటి రోగి ఆ సంఘపు పిల్ల కాదు కదా. యౌవనస్థుల్లో ఇద్దరిద్దరికి రెండేసి ఇళ్ళు అప్పగించాం. వారానికి ఒకసారి వెళ్ళాలి. బిళ్ళల డబ్బా చూడాలి. అడిగి, అరికాళ్ళు చూడాలి. మంచం పట్టినవారుంటే పక్క మార్చడం ఇంటివారికి చూపించాలి. ఏదైనా తేడా కనిపిస్తే ఆశా కార్యకర్తకు అదే రోజు చెప్పాలి. వైద్యం మనం చేయకూడదు. వచ్చేముందు ఆ పెద్దవారిని ఒక సంగతి అడిగి నేర్చుకొని రావాలి. ప్రార్థన మానలేదు. చేతులు కడుక్కొని, కాళ్ళు చూశాక చేస్తున్నాం.

ఇవి గొప్ప పనులని చెప్పడం లేదు. రెండు వారాలు ఉత్సాహంగా నడిచి మూడో వారం ఆగిపోయే పనులు సంఘంలో మేము చాలా చూశాం. మీరు మా కోసం ప్రార్థన చేయండి. మీ ఊళ్ళో కూడా ఒక ఇంటితో మొదలుపెట్టండి.

యోహాను సువార్త చివరి అధ్యాయంలో ప్రభువు పేతురుకు ఒక మాట చెప్పాడు. పడుచుతనంలో నడుము నీవే కట్టుకొని ఇష్టమైన చోటికి తిరిగావు, ముసలితనంలో చేతులు చాపితే మరొకరు కడతారు అన్న భావం. పేతురుకే కాదు, బతికి ఉంటే మనందరికీ ఆ రోజు వస్తుంది. ఆ రోజున మన చీర అంచో, పంచె అంచో పైకి జరిపే చేయి ఏదో మనకు తెలియదు. ఆ చేయి వెచ్చగా ఉండాలని మనం కోరుకుంటాం కదా. ఇప్పుడు ఎవరి గుమ్మంలోనో ఏదో ఒక పిల్ల అది నేర్చుకుంటూ ఉంటుంది. ఆమెకు కుర్చీ వేయండి, నీళ్ళివ్వండి, మీ పెద్దవాళ్ళ దగ్గర కూర్చోనివ్వండి.

ప్రభువైన యేసుక్రీస్తు కృప మీ ఇళ్ళలోని పెద్దలకూ, వారిని చూసుకొనే చేతులకూ తోడైయుండును గాక. ఆమేన్.